ఈస్ట్‌లో డీఎన్ఏను నకలు తీసే ఎంజైములు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు జిల్లా తీరంలో రొయ్యల హేచరీలు ఉన్నచోటల్లా పీసీఆర్ పరీక్ష మాట వినిపిస్తుంది. సీడుకు, అంటే రొయ్య పిల్లలకు, తెల్లమచ్చ వైరస్ ఉందో లేదో దాని డీఎన్ఏను నకళ్లు తీసి తేల్చేది అదే. అందువల్ల మా డిగ్రీ విద్యార్థులకు ఆ నకలు తీసే ఎంజైమ్, డీఎన్ఏ పాలిమరేజ్, కొత్త పేరు కాదు. చిక్కల్లా, ఆ పరీక్షలో వాడే ట్యాక్ ఎంజైమ్‌ను చూసి పాలిమరేజ్‌లన్నీ అలాగే ఉంటాయని అనుకోవడంలో ఉంది. ఈస్ట్ ప్రొటీన్లను శుద్ధి చేసే పనిలో ఉంటూ, ఆ పాఠమే చెబుతున్నాను కాబట్టి తరచూ నా చెవిన పడే అపోహలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పాలిమరేజ్ అంటే ఒక్కటే ప్రొటీన్.

వాస్తవం: ట్యాక్ వరకు అది నిజమే. అది 832 అమైనో ఆమ్లాల ఒకే గొలుసు. రొట్టెల ఈస్ట్ సంగతి వేరు. దాని 16 క్రోమోజోముల్లో సుమారు 1.2 కోట్ల బేస్ జతలు (డీఎన్ఏ అక్షరాల జతలు) ఉన్నాయి. వాటిని నకలు తీసే పనిని ప్రధానంగా ఆల్ఫా, ఎప్సిలాన్, డెల్టా అనే మూడు పాలిమరేజ్‌లు పంచుకుంటాయి, ఆ మూడూ ప్రొటీన్ల కూటములే. కూటమిలోని ఒక్కో ప్రొటీన్‌ను సబ్‌యూనిట్ అంటారు. ఆల్ఫాలో నాలుగు సబ్‌యూనిట్లు: పోల్1, పోల్12, ప్రై1, ప్రై2. చిన్న ఆర్‌ఎన్ఏ తునకతో, దాని వెంట కాస్త డీఎన్ఏతో పని మొదలుపెట్టేది ఇదే. ఎప్సిలాన్‌లోనూ నాలుగే: పోల్2, డీపీబీ2, డీపీబీ3, డీపీబీ4. డీఎన్ఏలోని రెండు పోగుల నకళ్లలో ఒకటి ఏకధాటిగా సాగుతుంది, దాన్ని ఎక్కువగా ఇది తయారుచేస్తుంది. ముక్కలు ముక్కలుగా తయారయ్యే రెండో పోగు డెల్టా పని. అందులో పోల్3, పోల్31, పోల్32 అని మూడు ఉంటాయి.

అపోహ: డెల్టా జంటగా ఉంటుంది, అంటే మొత్తం ఆరు సబ్‌యూనిట్లు.

వాస్తవం: దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఒకప్పుడు పరిశోధకులే ఇలా భావించారు. మూడు సబ్‌యూనిట్ల బరువు కలిపితే దాదాపు 2,20,000 డాల్టన్లు. సన్నని రంధ్రాలున్న పూసలతో నింపిన కాలమ్ గుండా ఈ ఎంజైమ్‌ను పంపితే, ఆ బరువుకు రావలసిన దానికంటే చాలా ముందే బయటికి వస్తుంది. పెద్ద అణువులు పూసల రంధ్రాల్లోకి దూరలేవు, అందుకే ముందు దిగుతాయి. కాబట్టి రెండు డెల్టాలు అతుక్కుని ఉన్నాయని లెక్కవేశారు. రెండు పోగులూ ఒకేసారి నకలు కావాలి గనుక ఆ ఊహ ముచ్చటగా అమరింది కూడా.

అయితే కాలమ్ కొలిచేది బరువును కాదు, అణువు ఆక్రమించే చోటును. బరువు తక్కువే అయినా మునక్కాయ సంచిలో ఎంత చోటు తీసుకుంటుందో మనకు తెలియనిది కాదు. సెంట్రిఫ్యూజ్‌లో ఎంత వేగంగా కిందికి దిగుతుందో కూడా కొలిచి, ఆ రెండు కొలతలనూ కలిపి చూస్తేగాని అసలు బరువు తేలదు. 2001లో అలా చూసినప్పుడు డెల్టా మూడు సబ్‌యూనిట్ల ఒంటరి కూటమే అని తేలింది. పొడవుగా సాగి ఉన్న పోల్32 వల్లే ఆ భ్రమ కలిగింది. కాలమ్ నుంచి ముందు వచ్చిందని చూసి వెంటనే ‘డైమర్’ (జంట) అని రికార్డులో రాసే విద్యార్థులు ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి.

అపోహ: రసాయన చర్య జరిపే పెద్ద సబ్‌యూనిట్టే ప్రాణం, మిగతావి సహాయకులు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగ ఫలితం ఇక్కడే ఉంది. ఎప్సిలాన్‌లోని పోల్2 ఏకంగా 2,222 అమైనో ఆమ్లాల గొలుసు. డీఎన్ఏను పేర్చే భాగం దాని మొదటి సగంలో ఉంది. ఆ సగాన్ని పూర్తిగా కోసేసినా ఈస్ట్ బతుకుతుంది! బలహీనంగా, మెల్లగా పెరుగుతుంది, కానీ బతుకుతుంది. పేర్చే పనిని డెల్టా అందుకుంటుంది. రెండో సగాన్ని తీసేస్తే మాత్రం చావే. డీపీబీ2ను తీసేసినా అంతే. పోగులను విడదీసే హెలికేజ్ కూటమి కుదురుకోవడానికి ఆ రెండూ కావాలి. ఇంకో విశేషం: మొదటి సగాన్ని ఉంచి, చర్య జరిపే చోట ఉన్న ముఖ్యమైన అమైనో ఆమ్లాలను మాత్రం మార్చినా కణం చస్తుంది. లేని ఎంజైమ్ కంటే, ఉండీ పనిచేయని ఎంజైమ్ ఎక్కువ హాని చేస్తుందన్నమాట.

అలాగని ప్రతి చిన్న సబ్‌యూనిట్టూ ప్రాణాధారం కాదు. పోల్31 లేకపోతే ఈస్ట్ లేదు. పోల్32 లేకపోయినా బతుకుతుంది, కాకపోతే చలికి తట్టుకోలేదు.

అపోహ: ఒక ఎంజైమ్ సబ్‌యూనిట్ మరో ఎంజైమ్‌లో ఉండదు.

పోల్31, పోల్32 రెండూ జీటా అనే మరో పాలిమరేజ్‌లోనూ సభ్యులే. రెవ్3, రెవ్7లతో కలిసి, దెబ్బతిన్న డీఎన్ఏను దాటుకుంటూ నకలు తీస్తాయి. 2012లో ఇది స్పష్టమయ్యే దాకా జీటాలో రెండే సబ్‌యూనిట్లని పాఠాల్లో ఉండేది. ఇప్పటికీ ఆ పాత పట్టికనే వల్లెవేసేవారిని చూస్తే బాధగా ఉంటుంది.

అపోహ: రొట్టెలు పొంగించే ఈస్ట్ గురించి తెలుసుకుంటే మనిషికి ఏం లాభం?

లెక్కలో కాస్త తేడా ఉన్న మాట నిజం. మనిషి డెల్టాలో నాలుగు సబ్‌యూనిట్లు ఉంటాయి. కానీ పోల్2కు సాటివచ్చే మన ప్రొటీన్‌లో 286వ స్థానంలోని ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం ఆర్జినిన్ అనే మరోదిగా మారడం పెద్దపేగు, గర్భాశయ క్యాన్సర్లలో కనిపించింది. అదే మార్పును ఈస్ట్‌లో దానికి సరిపోయే 301వ స్థానంలో చేసి చూస్తే, ఉత్పరివర్తనలు, అంటే డీఎన్ఏలో వచ్చే మార్పులు, విపరీతంగా పెరిగాయి. నకలులో తన తప్పును తానే సరిదిద్దుకునే శక్తి పూర్తిగా పోయిన ఎంజైమ్‌తో వచ్చే వాటికంటే కూడా ఎక్కువగా.