జర్నలిస్టు కథను టీవీ డ్రామాగా రాస్తుంటే వినే మాటలు: అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో కూర్చుని ఒక మండల విలేకరి కథను టీవీ డ్రామాగా అల్లుతున్నాం. కథ విన్నవాళ్లు ఇచ్చే సలహాలు దాదాపు ఒకేలా ఉంటున్నాయి.

అపోహ: ధైర్యమున్న రిపోర్టర్, విలన్ ఎమ్మెల్యే ఉంటే కథ అదే నడుస్తుంది.

వాస్తవం: మండలంలో వార్తలు రాసేది ఎక్కువగా కంట్రిబ్యూటరే, అంటే పత్రికలో ఉద్యోగి కాని స్థానిక విలేకరి. చాలామందికి నెల జీతం ఉండదు. లైన్ అకౌంట్ కింద, అంటే అచ్చయిన వార్త పొడవును బట్టి, వచ్చేది పెట్రోలుకే చాలదు. పైగా యాడ్స్ టార్గెట్. దసరాకో, పుట్టినరోజుకో ఫుల్ పేజీ యాడ్ ఇచ్చే నాయకుడి మీదే అతను వార్త రాయాలి. ఇక గూండాలతో పనేముంది? ‘తమ్మీ, ఈసారి యాడ్ వేరేటోళ్లకు ఇద్దామనుకుంటున్న’ అని నాయకుడు నవ్వుతూ అంటే చాలు. కారు ఛేజింగ్ అడిగే ఛానల్ వాళ్లకు ఇది చప్పగా ఉంటుందనుకోండి, కానీ నాకు ఇంతకు మించిన బెదిరింపు సీన్ దొరకలేదు.

‘విలేకరి ఐడెంటిటీకి, అంటే కులానికి, కథలో వేరే ట్రాక్ పెట్టండి’ అని ఇంకొకరు. అక్కర్లేదు. ఇంటిపేరు అడిగాకే కుర్చీ చూపించే ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. ఆ విలేకరి ఫోన్ ఎవరు ఎత్తుతారు, అతని వార్తను ఆఫీసులో దిద్దే డెస్క్ ఎంత త్వరగా నమ్ముతుంది అన్నవాటిలోనే అది బయటపడుతుంది.

అపోహ: బాధితురాలి పేరు మారిస్తే గుర్తింపు దాచినట్టే.

వాస్తవం: లైంగిక దాడి కేసుల్లో పేరే కాదు, ఎవరో తెలిసిపోయే ఏ వివరం అచ్చువేసినా నేరమే. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. 2024 జులైకి ముందు ఇదే ఐపీసీ 228ఏ. బాధితురాలు చనిపోయినా ఈ రక్షణ పోదని 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మైనర్ అయితే పోక్సో చట్టం 23వ సెక్షన్ బడి, ఇరుగుపొరుగు వివరాలను కూడా రాయనివ్వదు. మా కథలో విలేకరి పేరు రాయడు. ‘కొత్తవాడలో మగ్గం నేసే ఆయన పెద్దబిడ్డ, ఫలానా కాలేజీలో సెకండియర్’ అని మాత్రం రాస్తాడు. సాయంత్రానికి ఆ ఇంటి ముందు కెమెరాలు. తప్పు రాసినవాడిదా, ‘ఇంకా డీటెయిల్స్ కావాలి’ అని గంటకోసారి ఫోన్ చేసిన డెస్క్‌దా? సీరియల్‌కు ప్రాణం ఈ గొడవే.

అపోహ: క్లైమాక్స్‌లో, పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ పత్రికను మూయిస్తుంది.

వాస్తవం: 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టం ప్రకారం అది హెచ్చరించగలదు, మందలించగలదు, అభిశంసించగలదు. జరిమానా కూడా వేయలేదు. టీవీ ఛానళ్లు దాని పరిధిలోకే రావు.

కోర్టులో హీరో ‘సోర్స్ చెప్పను’ అనగానే జడ్జి తల ఊపే సీన్ కూడా తీసేశాం. సోర్స్ (వార్త ఇచ్చిన మనిషి) ఎవరో చెప్పమని కౌన్సిల్ బలవంతపెట్టకూడదని అదే చట్టం 15వ సెక్షన్‌లో ఉంది. కోర్టు ముందు అలా దాచుకునే హక్కు ఇచ్చే ప్రత్యేక చట్టం మనకు లేదు.

అపోహ: ‘పాత్రలన్నీ కల్పితం’ అని కార్డు వేస్తే కేసులుండవు.

వాస్తవం: చూసినవాళ్లు ఫలానా మనిషే అని గుర్తుపడితే పరువునష్టం కేసు వేయొచ్చు. ఎనుమాముల మార్కెట్ అనకుండా ‘పెద్ద మిర్చి యార్డు’ అన్నా వరంగల్‌లో ఎవరికి తెలియదు? అందుకే నిజ సంఘటనల నుంచి సమస్యను తీసుకుంటున్నాం, మనుషులను కాదు. మా కథలోని మార్కెట్ చైర్మన్ పాత్రకు వయసు, కుటుంబం, వ్యాపారం అన్నీ మార్చాకే డైలాగ్ వెర్షన్‌కు వెళ్తున్నాం.