లివర్ క్యాన్సర్ అని తెలిశాక: అపోహలు - వాస్తవాలు

రిపోర్టు చేతికి రాగానే అందరి కళ్లూ గడ్డ ఎన్ని సెంటీమీటర్లన్న దాని మీదే పడతాయి. కానీ లివర్‌లోనే పుట్టే క్యాన్సర్ వచ్చినవాళ్లలో చాలామందికి అప్పటికే లివర్ గట్టిపడి సిర్రోసిస్ అయి ఉంటుంది. అంటే మోయాల్సినవి రెండు జబ్బులు. ఏ చికిత్స పడుతుంది, ఏ నొప్పి మాత్ర వేసుకోవచ్చు, ఆఖరికి మనిషి ఎందుకు ముభావంగా ఉన్నాడు అన్నది కూడా ఆ రెండో జబ్బును పక్కనపెట్టి చెప్పలేం. కింది అపోహల్లో చాలావరకు దాన్ని మరిచిపోవడం వల్ల పుట్టినవే. వేరే అవయవం నుంచి లివర్‌కు పాకిన క్యాన్సర్ దారి వేరు, మందులు వేరు. మీది ఏదో ముందు అడిగి తెలుసుకోండి.

అపోహ: ఇది తాగేవాళ్ల జబ్బు.

వాస్తవం: హెపటైటిస్ బి, సి, ఫ్యాటీ లివర్ వల్ల చుక్క ముట్టనివాళ్లకూ వస్తుంది. 'తాగేవాడా?' అన్న ప్రశ్నకు జడిసి జబ్బు దాచేవాళ్లు, చెకప్‌లు ఎగ్గొట్టేవాళ్లు ఉన్నారు. నిజంగా తాగిన మనిషైనా సరే, ఇప్పుడు మానేస్తే మిగిలిన లివర్‌కు మేలే. నింద వల్ల ఒరిగేదేమీ లేదు.

అపోహ: కంచం, గ్లాసు వేరు పెట్టాలి.

వాస్తవం: క్యాన్సర్ అంటుకోదు. కారణం హెపటైటిస్ బి అయినా అది రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, ప్రసవంలో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది తప్ప కలిసి తింటే రాదు. రేజరు, టూత్‌బ్రష్ మాత్రం ఎవరివి వాళ్లకుండాలి. ఇంట్లోవాళ్లు రక్తపరీక్ష చేయించుకుని, అవసరమైనవాళ్లు టీకా వేయించుకోవాలి. మామూలుగా మూడు డోసులు: మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు.

అపోహ: ముక్క తీసి చూడకుండా క్యాన్సరని ఎలా తేలుస్తారు?

వాస్తవం: సిర్రోసిస్ ఉన్నవాళ్లలో స్కాన్‌తోనే తేల్చవచ్చు. రంగు మందు ఎక్కించి దశలవారీగా తీసే సీటీ లేదా ఎంఆర్‌ఐలో గడ్డ ముందు మెరిసి, తర్వాత చుట్టూ ఉన్న లివర్ కంటే మసకబారితే అది గట్టి ఆధారం. అనుమానం మిగిలితేనో, సిర్రోసిస్ లేకపోతేనో బయాప్సీ చేస్తారు. ఈ క్యాన్సర్‌లో పెరిగే అవకాశమున్న ఏఎఫ్‌పీ అనే ప్రొటీన్ రక్తంలో మామూలుగా ఉందని క్యాన్సర్ లేదనుకోకూడదు. చాలామందిలో అది పెరగనే పెరగదు.

అపోహ: గడ్డ చిన్నదైతే సులువు, పెద్దదైతే ఇక రోజులు లెక్కపెట్టుకోవడమే.

వాస్తవం: ఒకే 3 సెం.మీ. గడ్డ ఇద్దరికి ఉంటే, ఒకరికి ఆపరేషన్ పడుతుంది, ఇంకొకరి లివర్ ఆ కోతను తట్టుకోలేదు. అందుకే బిలిరుబిన్ (కామెర్ల పసుపు), ఆల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రొటీన్), ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు), కడుపులో నీరు, మెదడు మందగింపు అనే ఐదింటిని బట్టి లివర్ ఎంత బాగా పనిచేస్తోందో చెప్పే చైల్డ్-ప్యూ స్కోరు వేస్తారు. లివర్ మార్పిడికి చాలాచోట్ల వాడే మిలాన్ కొలత: 5 సెం.మీ. మించని ఒక గడ్డ, లేదా ఒక్కొక్కటి 3 సెం.మీ. మించకుండా మూడు వరకు, రక్తనాళాల్లోకి, లివర్ బయటికి పాకకుండా ఉండాలి. డాక్టరు దగ్గరకు కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకెళ్లండి: నా చైల్డ్-ప్యూ ఎంత? గడ్డ రక్తనాళంలోకి వెళ్లిందా? నా కేసును సర్జన్, రేడియాలజిస్టు, ఆంకాలజిస్టు కలిసి చూశారా? వినడానికి ఇంకొకరిని వెంట తీసుకెళ్లండి. చెడు కబురు విన్న మనిషి చెవికి తర్వాతి మాటలు ఎక్కవు.

అపోహ: చెప్పకపోతేనే ధైర్యంగా ఉంటాడు.

వాస్తవం: ఇంట్లో గుసగుసలు, ఆసుపత్రి బోర్డులు చూసి చాలామంది గ్రహించేస్తారు. ఆపైన ఎవరికి వాళ్లు నటించడంతోనే సరిపోతుంది. 'నీ జబ్బు గురించి నీకెంత తెలుసు, ఇంకెంత తెలుసుకోవాలనుంది?' అని అడిగి, అడిగినంతే చెప్పండి. వద్దంటే ఆగండి. అది ఆ మనిషి ఇష్టం.

అపోహ: పగలు నిద్ర, విసుగు, మతిమరుపు... దిగులు వల్లే.

వాస్తవం: అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు ఇదే. లివర్ వడకట్టలేని మలినాలు మెదడుకు చేరితే నిద్ర తారుమారవుతుంది, మాట తడబడుతుంది, చేతిరాత చెదురుతుంది. చేతులు ముందుకు చాపి మణికట్టు వెనక్కి వంచమంటే వేళ్లు రెక్కల్లా కొట్టుకుంటాయి. రోజూ ఒకే వాక్యం నోటుబుక్కులో రాయించండి, తేడా మీకే కనిపిస్తుంది. మలబద్ధకం, ఇన్ఫెక్షన్, లోపల రక్తస్రావం దీన్ని రేపుతాయి. విరేచనం సాఫీగా అయ్యేందుకు లాక్టులోజ్ అనే మందు ఇస్తే రోజుకు రెండు మూడు మెత్తటి విరేచనాలు అయ్యేలా మోతాదు సరిచేస్తారు. ఎక్కువైతే ఒళ్లు ఎండిపోయి మళ్లీ అదే మత్తు. 'పాపం, నిద్రపట్టడం లేదు' అని ఇంట్లో ఉన్న నిద్రమాత్ర వేయడం నిప్పులో నెయ్యి పోయడమే. బండి నడపనివ్వకండి.

అసలైన డిప్రెషన్ వేరు: రెండు వారాలుగా దేని మీదా ఆసక్తి లేకపోవడం, నేను భారమయ్యాననడం. రెండూ కలిసీ రావచ్చు. బాధను 0 నుంచి 10 వరకు అంకె చెప్పమనండి. 4 గానీ అంతకు మించి గానీ చెబితే డాక్టరుకు తెలియజేయాలి. మందులున్నాయి, అయితే లివర్‌ను చూసి మోతాదు తగ్గించి ఇస్తారు. చచ్చిపోవాలనుందంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే తీసుకెళ్లండి.

అపోహ: లివర్ జబ్బుకు ప్రొటీన్ మానేయాలి.

వాస్తవం: పాతకాలపు సలహా. మానేస్తే కండ కరుగుతుంది, కండ కరిగితే చికిత్స తట్టుకునే శక్తీ పోతుంది. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలి. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. కాళ్లవాపు, పొట్టలో నీరు ఉంటే వాటిని తీసేసి బరువు లెక్కవేయాలి. పగలు మూడు నాలుగు గంటలకోసారి కొంచెం కొంచెం, పడుకునే ముందు తప్పకుండా ఏదో ఒకటి తినాలి. రాత్రంతా ఖాళీ కడుపుంటే శరీరం కండనే తింటుంది. నీరు చేరితే ఉప్పు తగ్గించాలి.

అపోహ: పారాసెటమాల్ లివర్‌కు విషం, వేరే నొప్పి మాత్ర మేలు.

వాస్తవం: తిరగబడిన సలహా ఇది. డాక్టరు చెప్పిన మోతాదులో, సాధారణంగా రోజుకు 2 గ్రాములు మించకుండా, పారాసెటమాలే సురక్షితం. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కిడ్నీలను దెబ్బతీస్తాయి, రక్తస్రావం తెప్పిస్తాయి. జలుబు మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది, కలిపి లెక్కవేయండి. 'సహజం' అని అమ్మే మూలికల పొడులు కొన్ని లివర్‌నే దెబ్బకొడతాయి.

అపోహ: టేస్ (TACE) అనే చికిత్స చేశాక జ్వరం వచ్చిందంటే వికటించినట్టే.

వాస్తవం: గడ్డకు రక్తం ప్రధానంగా హెపాటిక్ ధమని నుంచి అందుతుంది. టేస్‌లో అక్కడికే మందు పంపి దారి మూసేస్తారు. గడ్డ చచ్చేటప్పుడు కొన్ని రోజులు జ్వరం, నొప్పి, వికారం మామూలే. తగ్గిన జ్వరం చలితో తిరిగి వస్తేనో, కామెర్లు ముదిరితేనో ఆగకూడదు. వాంతిలో రక్తం, తారులా నల్లటి మలం, ఉన్నట్టుండి తీవ్రమైన కడుపునొప్పి, మత్తు... వీటికి ఏ వేళైనా ఎమర్జెన్సీయే.

అపోహ: పాలియేటివ్ కేర్ అంటే చేతులెత్తేయడం.

వాస్తవం: నొప్పి, వికారం, దురద, నిద్రలేమి, ఇంటివాళ్ల అలసట చూసే వైద్యం అది. గడ్డకు చికిత్స సాగుతుండగానే మొదలుపెట్టవచ్చు. మొదటి నెలలోనే అడగండి. ఇంటి పనిని కూడా పంచుకోండి: మందుల పట్టిక ఒకరు, రిపోర్టుల ఫైలు ఒకరు, బంధువుల ఫోన్లు ఇంకొకరు. ఆ మూడోదే ఎక్కువ అలసట, దాన్ని రోగి చేతిలో మాత్రం పెట్టకండి.