మెదడు క్యాన్సర్ లెక్కల్లో ప్రాంతీయ తేడాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: హైదరాబాద్ ఆసుపత్రుల్లో మెదడు క్యాన్సర్ మరణాలు ఎక్కువ కాబట్టి ఆ జబ్బు కూడా ఈ నగరవాసుల్లోనే ఎక్కువ.

వాస్తవం: ఆదిలాబాద్ నుంచో కర్నూలు నుంచో వచ్చి చేరిన రోగి ఇక్కడ మరణిస్తే అది ఆసుపత్రి లెక్కలోకి వస్తుంది గానీ, నగర జనాభా రేటులోకి రాకూడదు. అందుకే ఒక ప్రాంత జనాభాలో వచ్చే క్యాన్సర్లన్నిటినీ నమోదుచేసే మా జనాభా ఆధారిత క్యాన్సర్ రిజిస్ట్రీల్లో కనీసం ఏడాదిగా ఆ ప్రాంతంలో నివసిస్తున్నవారినే లెక్కిస్తాం. నియమం సులువే, అమలు చేయడమే కష్టం. కేస్ షీటులో చిరునామా దగ్గర చికిత్స కోసం తీసుకున్న అద్దె గది వివరాలుంటాయి. వెనక జతచేసిన రేషన్ కార్డు జిరాక్సులో మరో జిల్లా ఊరి పేరుంటుంది. అది గమనించకపోతే శ్రీకాకుళం జబ్బు హైదరాబాద్ ఖాతాలో పడుతుంది. పైగా, జిల్లాల్లో చేయలేని ఆపరేషన్లన్నీ పెద్దాసుపత్రికే వస్తాయి కనుక, రోగి వయసు, కణితి గ్రేడు (దాని తీవ్రత), చేరేనాటికి స్పృహ ఎలా ఉందన్నది చూడకుండా రెండు ఆసుపత్రుల మరణ శాతాలను పోల్చడం అన్యాయమే.

అపోహ: ఆసుపత్రిలో మరణాలు తక్కువగా నమోదైతే చికిత్స మెరుగన్నట్టే.

వాస్తవం: ఇక లాభం లేదని తెలిశాక చాలా కుటుంబాలు రోగిని ఇంటికి తీసుకుపోతాయి. కేస్ షీటు మీద ‘లామా’ (వైద్యుల సలహాకు విరుద్ధంగా వెళ్లిపోయారు) అని రాసి, బంధువుల సంతకం తీసుకుంటారు. ఆ తర్వాత ఊళ్లో జరిగే మరణం ఆసుపత్రి లెక్కకు అందదు. పంచాయతీలో నమోదైనా, వైద్యుడు కారణం రాసిన పత్రం తరచూ ఉండదు. దేశంలో 2020లో నమోదైన మరణాల్లో వైద్యులు కారణాన్ని ధ్రువీకరించినవి సుమారు 22.5 శాతమే. అందువల్ల డిశ్చార్జి వరకు ఉన్న లెక్క కన్నా, రోగి ఎక్కడున్నా ఫోన్‌లో వాకబు చేసి తయారుచేసిన, చేరిన 30 రోజుల్లోపు మరణాల లెక్కనే నేను నమ్ముతాను.

అపోహ: సంపన్న దేశాల్లో ఈ జబ్బు ఎక్కువగా కనిపించడానికి సెల్‌ఫోన్లే కారణం.

వాస్తవం: అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో సెల్‌ఫోన్ల నుంచి వెలువడే రేడియో తరంగాలను, క్యాన్సర్ కలిగించవచ్చనడానికి పరిమిత ఆధారాలున్న ‘2బి’ వర్గంలో చేర్చిన మాట నిజమే. కానీ ఫోన్ల వాడకం పెరిగినంతగా రోగ రేట్లు పెరగలేదు. సీటీ, ఎంఆర్‌ఐ అందుబాటు, వృద్ధుల సంఖ్య ఈ తేడాలో చాలా భాగాన్ని వివరిస్తాయి. అంతా స్కానింగ్ మహిమే అనుకోవడమూ పొరపాటే: ఒకే దేశమైన అమెరికాలోనూ గ్లియోబ్లాస్టోమా (ఉధృతంగా పెరిగే మెదడు క్యాన్సర్) నల్లజాతీయుల్లో కన్నా శ్వేతజాతీయుల్లో ఎక్కువ, మెనింజియోమా (మెదడు పొరల్లో వచ్చే కణితి) విషయంలో పరిస్థితి తారుమారు.

అపోహ: మెదడులో ఏ కణితి ఉన్నా అది మెదడు క్యాన్సరే.

వాస్తవం: ఊపిరితిత్తుల నుంచో రొమ్ము నుంచో పాకినదాన్ని మొదట పుట్టిన అవయవం కిందే లెక్కిస్తాం. మెనింజియోమాల్లో అధికశాతం అసలు క్యాన్సరే కావు. మరణ కారణం దగ్గర ‘బ్రెయిన్ ట్యూమర్’ అనో, అంతకన్నా అన్యాయంగా ‘గుండె ఆగిపోవడం’ అనో రాసి ఊరుకుంటే ఈ తేడాలు తెలుసుకునే దారి మాకుండదు. బయాప్సీ (కణితి ముక్క పరీక్ష) రిపోర్టులోని పేరును పత్రంలోకి ఎక్కించమని తోటి వైద్యులను కోరుతున్నాను.