బస్తీలో పడ్డ 1500 ఎక్కడిదాకా పోతుంది?

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ నడుమ, తెలంగాణ ప్రభుత్వం రేషన్ కార్డున్న ఇంటికి 1500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చింది. అది సాయమా, ఆర్థిక ఉద్దీపనా, అంటే మాంద్యంలో కొనుగోళ్లు పెంచడానికి సర్కారు దింపే డబ్బా? సంక్షేమాన్ని ఉద్దీపన ప్యాకేజీలో దూర్చడం దొడ్డిదారి కాదా? ఇది ఒక పాఠకుడి ప్రశ్న. పద్దు పేరు పక్కనపెట్టి నోటు వెంట నడుద్దాం.

హైదరాబాద్ బస్తీ అడ్డగుట్టలో ఒకామె 75 దాచుకుని 1425 కిరాణా దుకాణంలో పెట్టిందనుకోండి. ఆ దుకాణదారు బేగంబజార్ టోకు దుకాణాల్లో సరుకు ఎత్తాలి. తాండూరు కందిపప్పైతే డబ్బు మిల్లుకీ, రైతుకీ చేరుతుంది. పామాయిల్ ప్యాకెట్టైతే చాలావరకు ఇండోనేషియాకో మలేషియాకో పోతుంది. జీఎస్టీ కొంత, గల్లాపెట్టెలో ఆగేది కొంత. ప్రతి చేతిలో సగం కారిపోతుందనుకున్నా 1425, 712, 356, 178... కూడితే 2850. అదే 1500 జీతం ఆగని జూబ్లీహిల్స్ ఇంటికిస్తే 1200 బ్యాంకులో పడుకుంటుంది. మిగిలిన 300, దాని వెనక 150, 75... అన్నీ కలిపి 600. మారింది మొదటి చేయి ఒక్కటే.

ఇంటర్‌లో పెట్టిన రూపాయి చివరికి ఎన్ని రూపాయలవుతుందో చెప్పే గుణకానికి ‘ఒకటిని ఒకటి మైనస్ సీతో భాగించు’ అని బట్టీ పట్టిస్తారు. సీ అంటే ప్రతి చేయీ ముందుకు పంపే వాటా, ఇక్కడ సగం. అది సర్కారే సిమెంటు కొన్నప్పటి లెక్క. చేతికిచ్చిన డబ్బు ఖర్చయ్యేదాకా జీడీపీలో సున్నా. కనుక పైన 1 బదులు మొదటి చేయి ఖర్చుపెట్టే వాటా వేయాలి: 0.95ని 0.5తో భాగిస్తే 1.9. సిమెంటుకు 2. తేడా ఇంతే! లక్ష్మి చంచల అని ఇనప్పెట్టెకు పసుపు కుంకుమలు పెడతాం గానీ, మాంద్యంలో కావలసింది ఆ చాంచల్యమే.

కానీ మన దేశానికి ఎన్ఐపీఎఫ్‌పీ (ఢిల్లీలోని ప్రభుత్వ ఆర్థిక విధానాల పరిశోధన సంస్థ) పరిశోధకులు 2013లో కట్టిన లెక్కలో ఈ గుణకం రోడ్లలాంటి మూలధన వ్యయానికి 2.45, చేతికిచ్చే డబ్బులాంటి బదిలీలకు 0.98 వచ్చింది. రోడ్డుదే పైచేయి, డబ్బు వేళకు దిగితే. ఫ్లైఓవర్‌కు భూసేకరణ, మంచినీటి పైపులు, కరెంటు కేబుళ్లు జరపడం, టెండరు... ఇవన్నీ అయ్యాక గానీ కాంట్రాక్టరుకు విడతగా చెల్లించే మొదటి రన్నింగ్ బిల్లు పాసవదు.

అమెరికాలో 2009 ఫిబ్రవరి 17న ఒబామా సంతకం చేసిన 787 బిలియన్ డాలర్ల ఉద్దీపన చట్టం చూడండి. పేదలకు తిండి కొనుక్కోవడానికిచ్చే ఫుడ్ స్టాంపుల గరిష్ఠ మొత్తం 13.6 శాతం పెరిగి ఏప్రిల్‌కే జనం చేతికందింది, 2013 నవంబరులో ఆ పెంపు ఆగింది. ఆ చట్టంలోనే వైద్య రికార్డులను కంప్యూటర్లకెక్కించే పద్దూ ఉంది. మంచి పనే. కానీ ఆ ప్రోత్సాహకాల చెల్లింపు మొదలైంది 2011లో, మాంద్యం ముగిసింది 2009 జూన్‌లో. నా దృష్టిలో మొదటిది ఉద్దీపనే. రెండోది మామూలు బడ్జెట్‌లో విడిగా గెలవాల్సిన పద్దు. గడువు లేని పింఛనైనా అంతే.

ఇక ఆ 12 కిలోల బియ్యం. గోదాములో ఉన్న నిల్వే కాబట్టి ఇవ్వగానే కొత్త ఉత్పత్తేమీ లేదు. బియ్యం డబ్బు మిగిలి పప్పుకు పోతేనే గొలుసు కదులుతుంది. ఆ బియ్యాన్నే దళారి చవగ్గా కొన్నాక, అది పాలిష్ పట్టించుకుని మళ్లీ మిల్లు నుంచి సర్కారు గోదాముకే చేరిందంటే, ఖజానా ఒకే బస్తాకు రెండుసార్లు డబ్బు కట్టినట్టు.