క్యాంపర్ వ్యాన్‌లో నెల్లూరు, ప్రకాశం: ఎండ, వాన, గాలి గురించిన అపోహలు – వాస్తవాలు

క్యాంపర్ వ్యాన్ (లోపలే పడక, వంట ఏర్పాట్లున్న బండి) వేసుకుని మైపాడు తీరానికో, ఉదయగిరి కొండ కిందికో, కంభం చెరువు పక్కకో బయల్దేరేవాళ్లు ముందుగా అడిగేది "ఏసీ ఎంతసేపు ఆడుతుంది" అని. అంతకంటే ముందు అడగాల్సినవి రెండున్నాయి: ఇక్కడ వాన ఎటునుంచి వస్తుంది, నీళ్లు ఎటునుంచి వస్తాయి. ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ రెండింటికీ జవాబు ఒకటి కాదు. పెద్దవాన తూర్పున సముద్రం మీదినుంచి వస్తుంది. వరద పడమటి నుంచి, వెలికొండల మీదినుంచో నల్లమల నుంచో దిగుతుంది. మధ్యలో ఉన్నది రెండు మూడు గంటల ప్రయాణమే అయినా గాలిలో తేమ, ఎండ తీరు, నేల స్వభావం అన్నీ మారిపోతాయి. వేరేచోట బాగా పనిచేసిన అలవాట్లు ఇక్కడికొచ్చేసరికి ఎదురు తిరిగేది అందుకే.

అపోహ: దసరా వెళ్లిందంటే వానలు వెళ్లినట్టే, క్యాంపింగ్‌కు అదే అదను.

హైదరాబాదు వైపు ఈ లెక్క చాలావరకు సరిపోతుంది. నెల్లూరులో అసలు వానాకాలం మొదలయ్యేదే అప్పుడు. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపల ఈశాన్య రుతుపవనాలతో పడుతుంది. నేలపట్టుకు, పులికాట్‌కు పక్షులు చేరే రోజులు కూడా అవే కావడంతో చాలామంది సరిగ్గా ముసురు పట్టే వారంలో దిగుతారు. తుపాన్లు కూడా ఎక్కువగా ఆ మూడు నెలల్లోనే వస్తాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాగని ఎండాకాలానికి పూచీ ఏమీ లేదు. 2010లో లైలా తుపాను అదే బాపట్ల దగ్గర తీరం దాటింది మే 20న.

నిశ్చింతగా తిరగాలంటే సంక్రాంతి వెళ్లాక మార్చి సగం దాకా రండి. అక్టోబరు, నవంబరుల్లోనూ రావచ్చు కానీ ఒక షరతు ఉంది. "బంగాళాఖాతంలో అల్పపీడనం" అన్న మాట వినపడిన రోజే తీరం వదలాలి, వాయుగుండమయ్యేదాకా చూద్దామనుకోకూడదు. మైపాడు అయినా కోడూరు అయినా తీరపు రోడ్లు బకింగ్‌హామ్ కాలువను దాటి, పల్లపు నేలలో రొయ్యల గుంటల మధ్యగా వెళ్తాయి. నీళ్లు నిలిస్తే వచ్చిన దారి తప్ప మరో దారి ఉండదు. ఇక రొయ్యల గుంట గట్టు మీద వ్యాన్ నిలపడం ఎండరోజుల్లో కూడా మంచిది కాదు. తడిసిన గట్టు అంచు మూడు టన్నుల బరువుకు కుంగి జారిపోతుంది.

వాతావరణ శాఖ ఇచ్చే రంగుల హెచ్చరికను కూడా తప్పుగా చదువుతున్నారు. "రెడ్ కాదుగా, ఆరెంజే కదా" అని ఉండిపోతారు. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే కదలమని. ఇంట్లో ఉన్నవాడికి అది సరిపోతుంది. వ్యాన్‌లో ఉన్నవాడికి ఆరెంజే రెడ్, ఎందుకంటే రెడ్ పడే వేళకు చప్టాల (వాగుకు అడ్డంగా వేసిన పల్లపు కాంక్రీటు దారుల) మీద నీళ్లు పారుతుంటాయి.

అపోహ: ఆకాశం తెల్లగా ఉంది, ఏటి ఇసుకలో ఓ రాత్రి పడుకుంటే ఏమవుతుంది?

ప్రాణాలు తీసే నమ్మకం ఇది, అందుకే కాస్త వివరంగా చెప్పాలి. బొగ్గేరు, మన్నేరు, పాలేరు, గుండ్లకమ్మ లాంటివి పడమట కొండల్లో పడిన వానతో పొంగుతాయి. మీ నెత్తిమీద చుక్కలు కనిపిస్తూ ఉండగానే వాగు రావచ్చు. పెన్నా ఇసుకలో అయితే ఇంకో సంగతి ఉంది. ఎగువన సోమశిల జలాశయం సామర్థ్యం 78 టీఎంసీలు. కడప వైపు వానలకు అది నిండితే గేట్లెత్తి నీళ్లు వదులుతారు. 2021 నవంబరులో ఆ వరదకే పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది, 16వ నంబరు జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. "హైవే ఎక్కేస్తే గట్టెక్కినట్టే" అనేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

చప్టా మీద పారే నీళ్లను చూసి "మనది బరువైన బండి, కొట్టుకుపోదు" అనుకోవడం ఇదే కోవలోది. లెక్క వేసి చూడండి. వ్యాన్ అడుగుభాగం 6 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ఉందనుకుందాం. నీళ్లు ఫ్లోర్‌ను తాకి ఇంకో 30 సెంటీమీటర్లు పైకెక్కితే 3.6 ఘనపు మీటర్ల నీటిని బండి పక్కకు తోస్తుంది. అంటే 3.6 టన్నుల బరువును నీరు పైకెత్తుతుంది. సామానుతో కలిపి మూడున్నర టన్నులుండే బండి ఇక తేలినట్టే. తేలక ముందే టైర్లకు పట్టు పోతుంది, మిగతాది పక్కనుంచి తోసే ప్రవాహం చూసుకుంటుంది. పైగా చప్టా కాంక్రీటు నీళ్ల కింద తెగి ఉందో లేదో బురదనీటిలో కనపడదు. నీళ్లు పారుతున్న చప్టా ఎంత లోతైనా దాటకండి, అంతే. వాగు తీసేదాకా ఆగాలి.

బండి నిలిపే చోటు చూసేటప్పుడు మూడు గుర్తులు వెతకండి. గడ్డిపోచలు, చెత్త పొదలకు ఏ ఎత్తున చుట్టుకుని ఉన్నాయో చూస్తే కిందటి వరద మట్టం తెలుస్తుంది. చెరువు దగ్గరైతే కలుజు (నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే చోటు) ఎటుందో ఊళ్లో అడిగి, ఆ దిగువన గానీ కట్ట కింద గానీ నిలపకండి. నేల నల్లరేగడా, గరుసా అన్నది మూడోది. ప్రకాశంలో నల్లరేగడి డొంకల్లో గంట వాన పడితే చాలు, వెనక చక్రాలు ఇరుసు దాకా దిగబడతాయి. దిగబడ్డాక యాక్సిలరేటర్ తొక్కితే గుంత ఇంకా లోతవుతుంది. జాకీ కింద అడుగు వెడల్పు మందపాటి చెక్క పెట్టి చక్రం లేపి, దాని కింద రాళ్లో కంపో వేసి, రెండో గేరులో నెమ్మదిగా తీయాలి.

అపోహ: రోహిణి కార్తె ఎండకు టైరు పేలుతుంది కాబట్టి కాస్త గాలి తీసేయాలి.

టైరు పేలేది గాలి తక్కువై. గాలి తగ్గితే పక్కగోడలు ఎక్కువగా మడతపడతాయి, ఆ మడత దగ్గర వేడి పుట్టి లోపలి పొరలు విడిపోతాయి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 60 పీఎస్ఐ కొట్టిన టైరు మధ్యాహ్నానికి 30 డిగ్రీలు వేడెక్కితే 67 చూపించడం మామూలే. టైరు కంపెనీ ఆ పెరుగుదలను లెక్కలోకి తీసుకునే చల్లని టైరుకు అంకె ఇస్తుంది. వేడి మీద 67 చూసి 60కి దించితే మర్నాడు పొద్దునకి 53 దగ్గరే ఉంటుంది. ఎప్పుడైనా సూర్యోదయానికి ముందు, బండి కదలక ముందు గాలి చూడండి. ఇంకో మాట. క్యాంపర్ టైర్లు అరగవు, ముసలివవుతాయి. పక్కగోడ మీద నాలుగంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. గాట్లు నిండుగా ఉన్నా ఆరేళ్లు దాటిన టైరుతో మే నెలలో హైవే ఎక్కకండి.

అపోహ: సోలార్ ఉంది, లిథియం బ్యాటరీ ఉంది, రాత్రంతా ఏసీ వేసుకోవచ్చు.

200 యాంపియర్ అవర్, 12.8 వోల్టుల బ్యాటరీలో ఉండేది 2,560 వాట్ అవర్లు. ఒక టన్ను ఏసీ కంప్రెసర్ ఆడుతున్నంతసేపు ఇన్వర్టర్ నష్టంతో కలిపి సుమారు 1,200 వాట్లు లాగుతుంది. కాబట్టి రెండు గంటలు చేతిలో ఉన్నట్టు. కప్పు మీది 400 వాట్ల ప్యానెల్ మండుటెండలో ఇంకా ఎక్కువ ఇస్తుందనుకోవడం కూడా పొరపాటే. ప్యానెల్ 25 డిగ్రీలు దాటి వేడెక్కే ప్రతి డిగ్రీకి దాదాపు 0.4 శాతం కోల్పోతుంది. మే నెల మధ్యాహ్నం అది 65 డిగ్రీలకు చేరితే 400 కాస్తా 336కు దిగుతుంది. ప్యానెల్‌కు, కప్పుకు మధ్య గాలి ఆడేలా నాలుగు సెంటీమీటర్ల సందు వదిలితే కొంత నయం. నవంబరు ముసురులో అదే ప్యానెల్ ఐదోవంతు కూడా ఇవ్వకపోవచ్చు.

కాబట్టి వేడిని తోడేయడం కంటే లోపలికి రానీయకపోవడమే అసలు పని. మే నెలలో ఇక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, కప్పే ప్రధాన శత్రువు. తెల్ల రిఫ్లెక్టివ్ పెయింట్ వేయించండి. బండిని తూర్పు–పడమరలుగా నిలిపితే సాయంత్రపు ఎండ పొడవాటి పక్కకు కాకుండా వెనక తలుపుకు తగులుతుంది. ముందు అద్దానికి తెర లోపల కాదు, బయట కట్టాలి. లోపల కడితే వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసింది. వడగాడ్పు వీచే వేళ కిటికీలు మూసి ఉంచి, బయట లోపలికంటే చల్లబడ్డాకే తెరవండి. గాలి 40 డిగ్రీలు దాటితే ఒట్టి ఫ్యాన్ ఒంటికి వేడినే కొడుతుంది. తడిగుడ్డ ఒంటిమీద కప్పుకుని ఫ్యాన్ కింద ఉండాలి.

కూలర్ మీద పెద్ద తగాదా నడుస్తుంటుంది, ఇద్దరిదీ నిజమే. మార్కాపురం, గిద్దలూరు, ఉదయగిరి వైపు పొడిగాలిలో కూలర్ పది డిగ్రీల దాకా దించుతుంది, కరెంటు తినేది వంద వాట్లలోపే. కొత్తపట్నం తీరాన సముద్రపు గాలి తిరిగాక అదే కూలర్ మూడు నాలుగు డిగ్రీలు దించి, పరుపు మాత్రం తడిపేస్తుంది. తేమ 60 శాతం దాటితే కట్టేయండి. చవకలో దొరికే తేమ మీటరు వ్యాన్‌లో ఉండి తీరాల్సిన వస్తువు.

అపోహ: రబ్బరు టైర్లున్నాయి కాబట్టి పిడుగు ఏమీ చేయదు.

కిలోమీటర్ల దూరం గాలిలోంచి వచ్చిన పిడుగుకు ఆరంగుళాల రబ్బరు అడ్డం కాదు. కాపాడేది ఇనుప బాడీ. కరెంటు దాని మీదుగా నేలకు పోతుంది, లోపలివాళ్లను తాకదు. ఫైబర్‌గ్లాస్ బాడీకి ఆ గుణం లేదు, అలాంటి బండిలో ఉన్నవాళ్లు ముందు క్యాబిన్ ఇనుపదైతే అందులోకో, పక్కా భవనంలోకో పోవాలి. మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడు సెకన్లకు ఒక కిలోమీటరు లెక్క. ముప్పై సెకన్లలోపు వినపడితే ఆవ్నింగ్ (బండి పక్కకు చాపే గుడ్డ పందిరి) మూసి, బయటి కరెంటు ప్లగ్గు పీకి లోపలికి వచ్చేయాలి. కుళాయి, స్టవ్, తలుపు చట్రం ముట్టుకోవద్దు. చివరి ఉరుము తరువాత అరగంట ఆగాకే దిగాలి. ఒంటి తాడిచెట్టు కింద నిలపకూడదని అందరికీ తెలుసు. తీరంలో సరుగుడు తోట నీడా గాలివానలో అంతే ప్రమాదం, ఇసుకనేలలో వేళ్లు పట్టుండక చెట్టు మొదలంటా ఒరుగుతుంది.

ఆవ్నింగ్‌ను వాన పందిరి అనుకోవద్దు. 3 మీటర్లకు రెండున్నర మీటర్ల గుడ్డ మీద సగటున 5 సెంటీమీటర్ల నీళ్లు నిలిస్తే 375 కిలోలు. చేతులు వంగి, బాడీలో బోల్టులతో సహా ఊడివస్తుంది. చినుకులకు వేసి ఉంచాలంటే ఒక కాలు కనీసం అడుగు దించి కట్టండి. ఆకులు ఎగిరే గాలి మొదలైతే చుట్టేయండి. నడిచే బండికి కూడా గాలి లెక్క ఉంది. గంటకు 80 కిలోమీటర్ల పక్కగాలి ఆరు మీటర్ల వ్యాన్‌ను సుమారు 400 కిలోల బలంతో తోస్తుంది, 40 కిలోమీటర్లైతే అందులో నాలుగోవంతే. లారీని దాటేటప్పుడు ఆ తోపు ఒక్కసారిగా ఆగి మళ్లీ తగులుతుంది, స్టీరింగ్ తప్పేది అక్కడే.

అపోహ: కారుతోందా, పైన ఇంకాస్త సిలికాన్ పూస్తే సరి.

పాత సిలికాన్ మీద కొత్తది అంటుకోదు, పొరలా లేస్తుంది. అసలు సందు ఎందుకు పడిందో చూడండి. 6 మీటర్ల అల్యూమినియం రేకు 25 నుంచి 65 డిగ్రీలకు వేడెక్కితే అయిదున్నర మిల్లీమీటర్లు సాగుతుంది, దాని కింది ఇనుప చట్రం మూడు మిల్లీమీటర్లలోపే. ఎండాకాలమంతా రోజూ ఈ లాగుడుకు స్క్రూ రంధ్రాలు వెడల్పవుతాయి. అది బయటపడేది అక్టోబరు వానకు. కాబట్టి రిపేరు సెప్టెంబరులోనే చేయించండి: కప్పు వెంట్ (గాలి ఆడే కంత) చట్రం విప్పి, పాతదంతా ప్లాస్టిక్ గీకుడుతో తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, చట్రం కింద బ్యూటైల్ టేపు వేసి బిగించి, పైన పాలీయురితేన్ సీలెంట్ పూయాలి. ఒక రోజు ఆరాక పైపుతో నీళ్లు కొట్టి చూడండి, కింది నుంచి పైకి, ఒక్కో చోట పది నిమిషాలు. మొదటే కప్పు మీద కొడితే నీళ్లు అన్ని చోట్లా జారి ఎక్కడ కారుతోందో తెలియదు.

అపోహ: వాన పడుతుంటే అన్నీ బిగించి పడుకోవాలి.

వద్దు. ఇద్దరు ఎనిమిది గంటలు పడుకుంటే ఊపిరితో అర లీటరు నీళ్లు గాలిలో చేరతాయి. అద్దాలు, పరుపు అడుగు తడిసేది దానికే. కప్పు వెంట్ రెండంగుళాలు, గాలికి అవతలి పక్క కిటికీ ఓ అంగుళం తెరిచి ఉంచండి. గ్యాస్ సిలిండర్ పెట్టే అరకు కింద ఉండే రంధ్రాలను గుడ్డలతో ఎప్పుడూ మూయకండి, ఎల్పీజీ గాలికంటే బరువు, లీకైతే అక్కడినుంచే బయటికి పోవాలి. జనరేటర్ తడుస్తుందని బండి కిందికి తోసేవాళ్లున్నారు. దాని పొగలో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే చంపుతుంది. ఆరు మీటర్ల దూరంలో, గాలి మీ నుంచి అటు వీచే దిక్కున, దాని మీద విడిగా రేకు కప్పి పెట్టాలి. దాబాలోనో తోటలోనో కరెంటు తీసుకుంటే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చి) లేకుండా బండికి కలపకండి. తడినేల మీద నిలబడి తలుపు పిడి పట్టుకున్నప్పుడు ప్రాణానికి అదొక్కటే అడ్డు.

తీరం నుంచి తిరిగొచ్చిన రోజే అడుగుభాగం మంచినీళ్లతో కడగాలి. ఛాసిస్‌కు బ్యాటరీ ఎర్త్ వైరు బిగించిన చోట విప్పి, ఉప్పు తుప్పు గీకి, గ్రీజు పూసి మళ్లీ బిగించండి. నీళ్ల ట్యాంకుకు ప్రతి 100 లీటర్లకు 5 శాతం సోడియం హైపోక్లోరైట్ 100 మిల్లీలీటర్లు కలిపి, నాలుగు గంటలుంచి, కుళాయిలన్నీ తిప్పి వదిలేసి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగాకే మళ్లీ నింపాలి.