ఆడడానికి ఫోన్ ఉంది, కలిసి మాట్లాడుకునే చోటు లేదు

ఒడిశాలోని బరంపురంలోనో పర్లాకిమిడిలోనో తెలుగు కుర్రాళ్ళు పదిమంది ఒక ఆదివారం పూట హాలు కావాలని అడిగారనుకుందాం. పాటల పోటీకి అంటే ఇస్తారు. క్విజ్ అంటే మైకు, కుర్చీలు కూడా వేయిస్తారు. "ఆన్‌లైన్ గేమ్ ఆడేవాళ్ళం అందరం ఒకసారి కలుసుకుంటాం బాబాయ్" అంటే మాత్రం పెద్దాయన మొహం మారిపోతుంది. డబ్బులు పెట్టి ఆడతారా అన్నది మొదటి ప్రశ్న. పొద్దస్తమానం ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఉంటారు కదా, మళ్ళీ కలవడం దేనికి అన్నది రెండోది.

రెండూ అడగాల్సిన ప్రశ్నలే. మొదటిదానికి జవాబు మన చట్టాల్లో ఉంది. రెండోదానికి జవాబు కావాలంటే అభిమానుల సభల చరిత్రలోకి కాస్త వెనక్కి వెళ్ళాలి. ఆ చరిత్ర మన సరిహద్దు ఊళ్ళ దాకా వచ్చేసరికి అందులోని అసలు ముక్క ఎక్కడో దారిలో రాలిపోయిందని నా అభిప్రాయం.

కథలు, సినిమాలు, ఆటలు ఇష్టపడేవాళ్ళు ఏటా ఒకచోట చేరే సభను కన్వెన్షన్ అంటారు. పొట్టిగా కాన్ అనేస్తారు. 1939 జూలైలో సైన్స్ ఫిక్షన్ పాఠకులు ఓ రెండు వందల మంది న్యూయార్క్‌లో చేరారు. దాన్నే మొదటి ప్రపంచ కన్వెన్షన్‌గా లెక్కేస్తారు. ఇద్దరు అభిమానులు భవిష్యత్తు కాలపు మనుషుల వేషాలు వేసుకుని మరీ వచ్చారు. ఇవాళ కాస్‌ప్లే అని పిలిచే సంబరం అక్కడ మొదలైంది. బరంపురం వాళ్ళకు ఇందులో వింతేమీ ఉండదు. రెండేళ్ళకోసారి జరిగే బుఢీ ఠాకురాణి జాతరలో మొక్కుకున్నవాళ్ళు దేవుళ్ళ వేషాలు, పులివేషాలు కట్టి వీధులు తిరుగుతుంటే చూస్తూ పెరిగినవాళ్ళే కదా అందరూ.

1968లో గ్యారీ గైగాక్స్ అమెరికాలోని లేక్ జెనీవా అనే చిన్న ఊళ్ళో, బల్ల మీద పరిచి ఆడే యుద్ధపుటాటల వాళ్ళను పోగేసి జెన్ కాన్ మొదలుపెట్టాడు. 1970లో శాన్ డియెగో కామిక్ కాన్, 1987లో అట్లాంటాలో డ్రాగన్ కాన్ వచ్చాయి. డ్రాగన్ కాన్ పద్ధతి మనకు ముఖ్యం. దాన్ని నడిపేది చాలావరకు వాలంటీర్లే. ఒక్కో ఇష్టానికి ఒక్కో 'ట్రాక్' ఉంటుంది, దాని కార్యక్రమాలన్నీ ఆ ఇష్టం ఉన్నవాళ్ళే చూసుకుంటారు. వేలమంది ఒకే లోకంలో కలిసి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లకు కూడా అలా విడిగా ట్రాక్ నడిచింది. పగలంతా పానెళ్ళు, చీకటి పడ్డాక పార్టీలు.

పానెల్ అంటే పెద్ద తతంగమేమీ కాదు. వేదిక మీద నలుగురైదుగురు కూర్చుంటారు. ఆట తయారుచేసినవాళ్ళు కావచ్చు, బాగా ఆడేవాళ్ళు కావచ్చు, పాత్రకు గొంతు ఇచ్చినవాళ్ళు కావచ్చు. కాసేపు వాళ్ళు చెబుతారు. తర్వాత జనం మధ్యలో మైకు పెడతారు, దాని ముందు క్యూ కడతారు. ఎవరైనా ఏదైనా అడగొచ్చు.

ఆన్‌లైన్ ఆటగాళ్ళకు ఈ సభలతో పని ఎందుకు పడిందో చూద్దాం. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే ఇద్దరు విద్యార్థులు మడ్ అనే ఆట రాశారు. బొమ్మ ఒక్కటి కూడా ఉండదు, అంతా అక్షరాలే. కానీ ఒకే లోకంలో పలువురు ఒకేసారి తిరగొచ్చు. 1997లో అల్టిమా ఆన్‌లైన్, 1999లో ఎవర్‌క్వెస్ట్, 2004 నవంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆ దారినే పెద్దది చేశాయి. వార్‌క్రాఫ్ట్‌లో మొదట్లో పెద్ద రాక్షసుణ్ణి కొట్టాలంటే 40 మంది ఒకే సమయానికి లాగిన్ అయి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒక నాయకుడి మాట ప్రకారం గంటల కొద్దీ ఆడాలి. అలా వారంవారం ఆడితే మనిషి గొంతు తెలుస్తుంది, కోపం తెలుస్తుంది, పిల్లాడు ఏడిస్తే మధ్యలో లేచి వెళ్తాడని తెలుస్తుంది. మొహం ఒక్కటే తెలియదు. ఎవర్‌క్వెస్ట్ కంపెనీ ఫ్యాన్ ఫెయిర్ పేరుతో సభలు పెడితే ఆటగాళ్ళు అంత దూరం వెళ్ళింది ఆ మొహం చూడడానికే. పార్టీ అని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, అక్కడ జరిగేది చాలావరకు ఇదే: ఏళ్ళ తరబడి గొంతుతోనే పరిచయమైన మనిషి చెయ్యి పట్టుకుని "ఓహో, నువ్వేనా!" అనుకోవడం.

కంపెనీలు పిలవక ముందే ఆటగాళ్ళే కలుసుకున్న సందర్భాలూ ఉన్నాయి. 1994లో స్వీడన్‌లోని మాలుంగ్ అనే ఊళ్ళో ఒక బడిలో కుర్రాళ్ళు కంప్యూటర్లు కలుపుకుని ఆడిన ఆటే తర్వాత డ్రీమ్‌హాక్ అయింది. 1996లో అమెరికాలోని టెక్సస్‌లో క్వేక్ అనే కాల్పుల ఆట ఆడేవాళ్ళు కొందరు చాట్‌లో మాట్లాడుకుని, ఎవరి కంప్యూటర్ వాళ్ళు మోసుకుని ఒక హోటల్లో దిగారు. ఆట రాసిన జాన్ కార్మాక్ కబురు తెలిసి అక్కడికే వచ్చి వాళ్ళతో మాట్లాడాడు. అదే క్వేక్‌కాన్‌గా స్థిరపడింది.

2005 అక్టోబరులో వార్‌క్రాఫ్ట్ కంపెనీ బ్లిజర్డ్ కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో బ్లిజ్‌కాన్ మొదలుపెట్టింది. పానెల్ మైకుకు ఎంత విలువ ఉందో ఆ సభ రెండుసార్లు చూపించింది.

మొదటిది 2010లో. ఎర్ర చొక్కా వేసుకున్న ఒక కుర్రాడు మైకు దగ్గరికి వచ్చాడు. గొంతు తడబడుతోంది. ఆట కథలో ఫాల్‌స్టాడ్ అనే మరుగుజ్జు వీరుడు ఉండాలి కదా, కొత్త భాగంలో వచ్చిన మరుగుజ్జుల మండలిలో అతనెందుకు లేడు అని అడిగాడు. అతను చనిపోయాడు కదా అన్నారు వేదిక మీద. లేదు, బతికే ఉన్నాడని కుర్రాడు ఆధారంతో చెప్పాడు. కంపెనీ తప్పు దిద్దుకుంది. ఫాల్‌స్టాడ్‌ను ఆటలోకి తెచ్చి, అతని పక్కనే తప్పొప్పులు చూసే ఎర్ర చొక్కా మరుగుజ్జును కూడా నిలబెట్టింది. టికెట్ కొనుక్కుని వచ్చిన మామూలు పిల్లవాడు అడిగిన ప్రశ్నకు అంత పెద్ద కంపెనీ ఆటనే మార్చింది. ఆ కుర్రాడు ఇంట్లోంచి ఉత్తరం రాసి ఉంటే ఇంత జరిగేది కాదని నా నమ్మకం. నలుగురి ముందు అడగడంలో ఉన్న బలం అది.

రెండోది 2018 నవంబరులో. అదే సభలో డయాబ్లో అనే ఆటను ఫోన్‌లోకి తెస్తున్నామని ప్రకటించారు. ఏళ్ళ తరబడి కంప్యూటర్ మీద ఆడినవాళ్ళు మండిపడ్డారు. ఇదేమైనా ఏప్రిల్ ఫూల్ జోకా అని ఒకాయన మైకులోనే అడిగేశాడు. జనం కేకలకు వేదిక మీదున్న డిజైనర్, మీ దగ్గర ఫోన్లు లేవా అనేశాడు. ఆ మాట ప్రపంచమంతా తిరిగింది, ఆయనను చాలా తిట్టారు.

ఆ ఏడాదే మన వైపు ఏం జరుగుతోందో పక్కన పెట్టి చూడాలి. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది, డేటా చవకైంది. 2018 మార్చిలో పబ్‌జీ మొబైల్ అనే, జట్టుగా ఆడే కాల్పుల ఆట ఫోన్‌లోకి వచ్చింది. అంతకు ముందు మన ఊళ్ళ కుర్రాళ్ళకు తెలిసిన గేమింగ్ అంటే నెట్ సెంటర్‌లో గంటకింత అని ఇచ్చి ఆడే కౌంటర్ స్ట్రైక్. పదివేల రూపాయల ఫోన్ చేతికి రాగానే గుణుపురం హాస్టల్లో ఉన్నవాడు, రాయగడలో కొట్టు చూసుకునేవాడు, సోంపేటలో మేనమామ కొడుకు, సూరత్‌లో పనికి పోయిన స్నేహితుడు ఒకే స్క్వాడ్, అంటే ఒకే జట్టు అయ్యారు. అనహైమ్‌లో ఫోన్ ఆట అవమానంగా తోచింది. ఇక్కడ ఫోనే ఆటస్థలం, అదొక్కటే ఆటస్థలం.

రాత్రి పది దాటాక ఆ ఆట చూడండి. ఫోన్ వేడెక్కుతుందని వెనక కవర్ తీసేసి ఫ్యాన్ కింద కూర్చుంటారు. చెమటకు వేలు జారకుండా పౌడరు రాసుకుంటారు, లేదంటే బొటనవేళ్ళకు స్లీవులు తొడుగుతారు. తెర మీద పింగ్ అంకె (నెట్ ఎంత ఆలస్యంగా అందుతోందో చెప్పేది) ఆకుపచ్చగా ఉన్నంతసేపు మాటలు నిదానంగా ఉంటాయి. ఎర్రబడితే చాలు, "లాగ్ కొడుతోంది రా, ఆగండి" అని ఒకడు, "నాక్ అయ్యాను, రివైవ్ ఇయ్యి బావా" (దెబ్బతిని పడిపోయాను, లేపు) అని ఇంకొకడు. ఒడియా స్నేహితుడు ఉంటే ఒడియాలో, బయటివాడు కలిస్తే హిందీలో. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆటలో హిందీ ఇంగ్లీషు కలిపి మాట్లాడే పిల్లలు వీళ్ళు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న బరంపురం, పర్లాకిమిడి అటు వెళ్ళినప్పటి నుంచి ఈ ప్రాంతపు తెలుగువాళ్ళకు మూడు భాషల బతుకు మామూలే. వ్యావహారిక తెలుగు కోసం గిడుగు రామమూర్తి పంతులు పోరాటం మొదలుపెట్టింది పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూనే.

మరి కన్వెన్షన్లు? అవి దేశంలోకి వచ్చాయి, మన దాకా రాలేదు. మొదటి కామిక్ కాన్ 2011లో ఢిల్లీలో, హైదరాబాద్‌లో 2013లో జరిగాయి. డ్రీమ్‌హాక్ 2018 డిసెంబరులో ముంబైలో, 2022 నవంబరులో హైదరాబాద్ హైటెక్స్‌లో అడుగుపెట్టింది. పబ్‌జీ మొబైల్ ఇండియా సిరీస్ ఫైనల్ 2019 మార్చిలో హైదరాబాద్‌లోనే ఆడారు. బరంపురం కుర్రాడికి ఫలక్‌నుమా ఎక్కితే సికింద్రాబాద్ చేరొచ్చు. కానీ రాత్రంతా ప్రయాణం, టికెట్, ఉండడానికి చోటు, ఇంట్లో చెప్పాల్సిన కారణం... ఇవన్నీ దాటి వెళ్ళినా అక్కడ ఎక్కువగా కనిపించేది పెద్ద తెర మీద పోటీ, స్టాళ్ళు, యూట్యూబ్ స్టార్లతో సెల్ఫీలు. మైకు ముందు క్యూ కట్టే పానెల్ చాలా చిన్నదైపోయింది. పాశ్చాత్య దేశాల్లో కాన్లు కలుసుకుని మాట్లాడుకోవడంతో మొదలై పోటీల దాకా వెళ్ళాయి. మన దగ్గర ఆటల సభలు ఎక్కువగా ప్రైజ్ మనీతోనే మొదలయ్యాయి. రాలిపోయిన ముక్క అని నేనన్నది దీన్నే.

ఆ లోటు ఎంత పెద్దదో 2020 సెప్టెంబరు 2న తెలిసింది. ఆ రోజు కేంద్రం పబ్‌జీ మొబైల్‌తో కలిపి 118 యాప్‌లను నిషేధించింది. 2021 జూలైలో అదే ఆట బీజీఎంఐ అనే కొత్త పేరుతో తిరిగొచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ అనే ఇంకో ఫోన్ ఆట కూడా నిషేధంలో పోయింది. అదే ఏడాది జూలైలో బీజీఎంఐ స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో మళ్ళీ వచ్చింది. దేశ భద్రత మీద ప్రభుత్వం నిర్ణయం తీసుకోవడాన్ని నేను తప్పుపట్టను. నన్ను బాధపెట్టేది వేరు. ఇన్నిసార్లు ఆట ఆగినా, మా ఐడీ (ఆటలోని ఖాతా) ఏమవుతుంది, డబ్బు పెట్టి కొన్న వస్తువులు ఏమవుతాయి అని పర్లాకిమిడి పిల్లవాడు ఎవరి మొహం చూసి అడగాలో తెలియలేదు. స్క్వాడ్‌లు చెదిరిపోయాయి. ఆట లోపలే పరిచయమైన స్నేహితుడి ఫోన్ నంబరు లేనివాళ్ళకు ఆ స్నేహితుడు కూడా పోయాడు.

ఇక పెద్దాయన మొదటి ప్రశ్న. ఆన్‌లైన్ గేమ్ అనగానే జూదం గుర్తుకురావడానికి బలమైన కారణాలున్నాయి. రమ్మీలో పోగొట్టుకుని అప్పులపాలైన ఇళ్ళు అందరికీ తెలుసు. అందుకే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. ఒడిశాలో 1955 నాటి జూద నిరోధక చట్టం ఉంది. డబ్బు ఆటల యాప్‌లు చాలావరకు ఈ మూడు రాష్ట్రాల వాళ్ళను పక్కన పెట్టేవి. 2022 డిసెంబరులో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను, అంటే పోటీగా ఆడే వీడియో గేమ్‌లను, క్రీడల శాఖ కిందకు తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం గీత స్పష్టంగా గీసింది. ఈ-స్పోర్ట్స్, సరదాకు ఆడే సోషల్ గేమ్‌లు ఒక వైపు, పందెం ఆటలు ఇంకో వైపు. పందెం ఆట నడిపితే మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. మన స్క్వాడ్ పిల్లలు గీతకు ఇటువైపు ఉన్నారు. ఈ సంగతి హాలు ఇచ్చేవాళ్ళకు తెలియాలి. పిల్లలు కూడా పెద్దవాళ్ళ భయాన్ని తీసిపారేయకూడదు. ఎంట్రీ ఫీజు పెట్టి గెలిచినవాడికి పంచే కస్టమ్ రూమ్ (ఆటలో సొంతంగా పెట్టుకునే గది) టోర్నీలు చట్టం ముందు సాఫీగా నిలబడవు. కలిసే సభలో అలాంటివాటికి చోటు ఇవ్వకపోవడమే మేలు.

మళ్ళీ కలవడం దేనికి అన్న రెండో ప్రశ్నకు జవాబు నార్వేలో ఒక కుటుంబానికి దొరికింది. కండరాలు క్షీణించే జబ్బుతో చక్రాల కుర్చీలో ఉన్న వాళ్ళబ్బాయి 2014లో పాతికేళ్ళకే చనిపోయాడు. గదిలో ఒంటరిగా గేమ్ ఆడుకుంటూ గడిపేశాడని తల్లిదండ్రులు అనుకున్నారు. మరణవార్త తెలియగానే వార్‌క్రాఫ్ట్‌లో అతనితో ఆడినవాళ్ళు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు, ఇతర దేశాల నుంచి అంత్యక్రియలకు వచ్చారు. అతను బతికుండగా వాళ్ళంతా ఒకే గదిలో కలవలేదు.

మన దగ్గర కలవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఒక హాలు, ఒక వైఫై కనెక్షన్, ఇన్వర్టరు, ప్లగ్ పాయింట్లు ఎక్కువున్న గోడ, మధ్యాహ్నానికి ఉప్మా. నౌపడా నుంచి గుణుపురం వెళ్ళే రైలు పాతపట్నం, పర్లాకిమిడి రెండింటి మీదుగానూ పోతుంది కాబట్టి ఆంధ్ర వైపు పిల్లలూ రాగలరు. ఆట ఒక గంట చాలు. మిగతా సమయం మైకుకు ఇవ్వాలి. వేదిక మీద పోటీల్లో ఆడి వచ్చిన ఒక అన్న, గేమ్ కంపెనీలో టెస్టింగ్ పని చేసే ఒక అక్క, కంటి డాక్టరు, సైబర్ మోసాల సంగతి తెలిసిన పోలీసు, ఒక తల్లి ఉంటే బాగుంటుంది. పిల్లల ప్రశ్నలు సిద్ధంగానే ఉన్నాయి: ఐడీ హ్యాక్ అయితే ఎక్కడ చెప్పాలి? ఆటలో ఆడపిల్ల గొంతు వినగానే బూతులు తిట్టేవాణ్ణి ఎలా ఆపాలి? టోర్నీలో ఆడాలంటే ఒడిశా తరఫున పేరు ఇవ్వాలా, ఆంధ్ర తరఫున ఇవ్వాలా? గేమ్ డిజైన్ చదవాలంటే ఇంటర్‌లో ఏం తీసుకోవాలి? రోజుకు ఎన్ని గంటలు ఆడితే ఎక్కువైనట్టు? ఈ చివరిది అమ్మలు అడుగుతారు. పిల్లలు కూడా అడుగుతారు.