టైరు రాయిలా ఉండాలా? కియాంటి తెల్లదారుల మీద అపోహలు - వాస్తవాలు

ఇటలీలోని కియాంటి ద్రాక్షతోటల మధ్య, గయోలె ఊళ్లో, కంకర దారుల మీద జనాన్ని సైకిళ్లతో తిప్పుతుంటాను. సీజన్ మొదలైతే నాకు తెల్లారేది ఒకే మాటతో: "పంపు ఎక్కడుంది? కొంచెం గాలి కొట్టుకుంటా."

కొంచెం అంటారు గానీ కొంచెం కాదు. బొటనవేలితో టైరు నొక్కి చూస్తారు. అది కాస్త లోపలికి దిగగానే ముఖం మారిపోతుంది. ఇక టైరు పక్కన అచ్చువేసి ఉన్న అంకె దాకా కొట్టేస్తారు. రాత్రి పదింటి దాకా కూర్చుని ఒక్కొక్కరి బరువు చూసి నేను నింపిన గాలి పొద్దున్న ఏడింటికల్లా రెట్టింపైపోతుంది. నోటితో చెప్పి చెప్పి విసిగిపోయాను, అందుకే ఈసారి రాస్తున్నా.

అపోహ: టైరు ఎంత గట్టిగా ఉంటే అంత స్పీడు, అన్ని తక్కువ పంక్చర్లు.

వాస్తవం: నున్నటి తారురోడ్డు మీద ఇందులో కొంత నిజముంది. కంకర మీద మాత్రం తలకిందులు. చక్రం కిందికి రాయి వచ్చిందనుకోండి. టైరు మెత్తగా ఉంటే రాయి టైరులోకి అణుగుతుంది, మీరు ఉన్న ఎత్తులోనే ముందుకు వెళ్లిపోతారు. టైరు గట్టిగా ఉంటే రాయి అణగదు కాబట్టి మీరే లేవాలి, సైకిలుతో సహా. రోజంతా వేలసార్లు అలా లేచి పడుతుంటే ఖర్చయ్యేది మీ కాళ్ల బలమే. సాయంత్రం వేళ్లు తిమ్మిరెక్కాయనో నడుం పట్టేసిందనో ఎవరైనా అంటే నేను ముందు చూసేది వాళ్ల టైర్లనే.

స్పీడు సంగతి అటుంచండి, అసలు ప్రమాదం పట్టు పోవడం. ఇక్కడి తెల్లదారులు, అంటే స్త్రాదె బియాంకె, తెల్లటి రాతి కంకర, సన్నటి పొడి. దిగుడులో మలుపు ముందు కార్లు బ్రేకులు వేసీ వేసీ దారి రేకులషెడ్డు కప్పులా అలలు తేలుతుంది. గట్టి టైరు ఆ అలల నెత్తిమీదే ఎగురుతూ పోతుంది. గాల్లో ఉన్న చక్రానికి బ్రేకు పట్టదు, మలుపూ తిరగదు. చాలామంది పడేది సరిగ్గా అక్కడే. పడ్డాక "నాకు కంకర మీద తొక్కడం రాదు" అని తమనే తిట్టుకుంటారు. నాకు బాధ కలిగించేది అదే.

రెండేళ్ల కిందట ఒక అక్క వచ్చింది, మన తెలుగావిడే. అంతకుముందు ఏడాది వేరేచోట అద్దె సైకిలు మీద దిగుతూ మలుపులో పడి కాలర్‌బోన్ విరగ్గొట్టుకుంది. భర్తకు ఇష్టమని వచ్చింది తప్ప చేతులు వణుకుతున్నాయి. "తమ్ముడూ, మీరంతా తొక్కండి, నేను వ్యానులో వస్తా" అంది. పడిన రోజు టైరు ఎలా ఉండిందో అడిగాను. "భలే గట్టిగా ఉండింది, షాపతను నా ఎదురుగానే ఫుల్లుగా కొట్టాడు" అంది. ఆమెను పక్కన కూర్చోబెట్టి తన సైకిలు వాల్వు తనచేతే నొక్కించాను. స్స్ మని పోతుంటే "అయ్యో, చాలు చాలు" అంటూనే ఉంది. గేజి ముందు 1.8, వెనక 2 బార్ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర ఆగింది. బ్రోలియో కోట దగ్గర సైప్రస్ చెట్ల మధ్య తెల్లదారి ఉంది, అక్కడ వంద మీటర్ల ముక్క ఎంచుకుని పైకి తోసుకెళ్లి కిందికి వదలమన్నాను. మొదటిసారి బ్రేకులు వదల్లేదు. నాలుగోసారి దిగాక సైకిలు దిగకుండానే, "ఇది వేరే రోడ్డా ఏంటి?" అని అడిగింది. రోడ్డు అదే అక్కా, మారింది గాలి.

అంకెలు కావాలి కదా. 40 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైరు, 70 కిలోల మనిషి అయితే ముందు 2, వెనక 2.2 బార్‌తో మొదలుపెట్టండి, అంటే సుమారు 29, 32 పీఎస్ఐ. వెనక బరువు ఎక్కువ పడుతుంది కాబట్టి అక్కడ కాస్త ఎక్కువ. ట్యూబు ఉంటే ఇంకో 0.3 కలపండి. రిమ్ము రాయికి తగిలి టంగుమంటే 0.1 పెంచండి, చేతులు అదిరితే 0.1 తగ్గించండి. టైరు పక్కనున్న అంకె గరిష్ఠం. అంత కొట్టమని కాదు, అది దాటొద్దని. రిమ్ములు హుక్‌లెస్ (టైరు అంచును పట్టే కొక్కెం లేనివి) అయితే టైరు మీద ఏం రాసి ఉన్నా 5 బార్ దాటనే కూడదు, టైరు ఊడి బయటికి రావచ్చు.

పంక్చర్ల భయం ఊరికే పుట్టలేదు, ఒప్పుకుంటాను. ట్యూబు ఉన్న టైరులో గాలి మరీ తగ్గితే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి, పాము కాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. దానికి మందు ట్యూబ్‌లెస్, లేదా వెడల్పు టైరు. గాలి రెట్టింపు చేయడం కాదు. ట్యూబ్‌లెస్‌లోని సీలెంటు (చిల్లులు పూడ్చే ద్రవం) ఎండకు ఆరిపోతుంది, రెండు మూడు నెలలకోసారి విప్పి చూసుకోండి. బొటనవేలు గేజి కాదు. పెద్ద పంపు మీద ముల్లు కూడా ఇంత తక్కువ గాలి దగ్గర సరిగా చూపదు. చిన్న డిజిటల్ గేజి ఒకటి కొనుక్కుని ఎప్పుడూ దాంతోనే చూడండి.

"మరి లెరోయికాలో, ఆ పాత సైకిళ్ల యాత్రలో, పాతకాలం సన్నటి టైర్లతో తొక్కుతారుగా?" అని వాదిస్తారు. తొక్కుతారు. 1997లో ఈ గయోలెలోనే మొదలైంది, 1987కి ముందు తయారైన సైకిళ్లే రావాలి, అదే దాని రూలు. అది ఆ సైకిళ్ల మీద ప్రేమతో పడే కష్టం. తెలిసినవాళ్లు ఆ ఫ్రేములోనూ పట్టినంత వెడల్పు టైరే వేసుకుంటారు.

మిగతావి గబగబా చెప్పేస్తా.

ద్రాక్షతోటలంటే చదునునేల అనుకోవడం. కాదు. నీళ్లు నిలవకూడదు, ఎండ బాగా పడాలి, అందుకే తోటలు వాలుల మీద ఉంటాయి. ఊళ్లేమో శత్రువు కనబడాలని గుట్టలెక్కి కూర్చున్నాయి. రాద్దా సుమారు 530 మీటర్ల ఎత్తున ఉంది, కాస్తెల్లినా ఇంకా పైన. భోజనానికి ఏ ఊరు వెళ్లినా ఎక్కాల్సిందే. కిలోమీటర్లు కాదు, ఎక్కుడు మీటర్లు లెక్కేయండి. 50 కిలోమీటర్లకు వెయ్యి మీటర్ల ఎక్కుడు ఇక్కడ మామూలే. సియెనాలో స్త్రాదె బియాంకె రేసు చివర సాంతా కాతెరీనా వీధి 16 శాతం దాకా లేస్తుంది. వాన పడితే ఆ రాతిపలకలు కంకరకంటే ఎక్కువ జారతాయి, దిగి నడిపించుకుంటే నామోషీ ఏమీ లేదు.

సైకిలే కదా, తాగినా ఎవరూ అడగరనుకోవడం. ఇటలీలో సైకిలుకూ అదే చట్టం, లీటరు రక్తానికి ఆల్కహాలు 0.5 గ్రాములు దాటితే చట్టవిరుద్ధం. వైను రుచి చూసి ఉమ్మేయడానికి గిన్నె పెడతారు, మొహమాటపడకండి. ఊరి బయట పొద్దుగుంకిన అరగంట తర్వాత మెరిసే జాకెట్టు తప్పనిసరి, అదీ చట్టమే.

తోట వరసల మధ్య దారి అందరిదీ అనుకోవడం. అది రైతు సొంతం. వేసవిలో తీగలకు రాగి, గంధకం మందులు కొడతారు, అందులోంచి ఊపిరి పీల్చుకుంటూ తొక్కకండి. సెప్టెంబరులో కోతల ట్రాక్టర్లు తెల్లదారుల మీదికి వస్తాయి. ఎదురైతే సైకిలు దిగి మలుపు బయటివైపు గట్టున నిలబడండి, వెనకనున్న ట్రాలీ లోపలివైపుకు కోసుకుంటూ వస్తుంది.